తీగ తూకం వేసి చూపే షాపు: జనగామలో బోరు మోటారు రీవైండింగ్ సేవపై సమీక్ష

జనగామలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులకు కొదవ లేదు. వాటిలో సూర్యాపేట రోడ్డు వైపు ఉన్న ఒక చిన్న షాపులో 2025 నవంబరులో మా ఐదు హార్స్‌పవర్ సబ్‌మర్సిబుల్ మోటారును రీవైండింగ్ చేయించాను, అంటే కాలిన తీగ తీసేసి కొత్త తీగ చుట్టించాను. పని బాగుంది. అంతకన్నా ముఖ్యంగా, రాగి ధర ఏ వారానికి ఆ వారం మారిపోతున్న ఈ కాలంలో, రైతు ఇచ్చే ప్రతి రూపాయి దేనికి పోతోందో కాగితం మీద విడదీసి చూపించే పద్ధతి అక్కడ ఉంది. ఆ పద్ధతి ఎంత విలువైనదో వివరంగా చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. తన పేరు చూసి యాసంగిలో గిరాకీ మీద పడితే ఇచ్చిన మాట నిలుపుకోలేనని యజమాని అన్నారు కనుక షాపు పేరు ఇక్కడ ఇవ్వడం లేదు.

ముందు బిల్లు సంగతి చెప్పాలి. మామూలుగా వైండింగ్ షాపుల్లో హార్స్‌పవర్‌ను బట్టి ఒక మొత్తం చెబుతారు. మూడు హార్స్‌పవర్‌కు ఇంత, ఐదుకు ఇంత, ఏడున్నరకు ఇంత. అందులో తీగ ఎంత, కూలీ ఎంత, పాత తీగ ఎవరికి పోయింది అన్న లెక్క ఉండదు. రాగి ధర నిలకడగా ఉన్న రోజుల్లో ఆ గంపగుత్త లెక్కతో ఇద్దరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఈ షాపులో మాత్రం రూళ్ల నోట్‌బుక్కులో ఒక్కో పద్దూ వేరుగా రాసి, కింద కార్బన్ పేపరు పెట్టి నకలు ఇస్తారు. మా మోటారుకు పట్టిన కొత్త వైండింగ్ వైరు 4.2 కిలోలు, కిలో 1,250 రూపాయల చొప్పున 5,250. వైండింగ్ కూలీ 1,800. బుష్షులు, సీలు, ఇతర సామాను 900. మొత్తం 7,950. అందులోంచి పాత తీగలో తేలిన 3.6 కిలోల రాగికి కిలో 780 చొప్పున 2,808 తీసేశారు. నేను ఇచ్చింది 5,142 రూపాయలు. పాత రాగి విలువను లెక్కలోంచి తగ్గించకుండా గంపగుత్తగా అడిగితే, ఆ 2,808 రూపాయలు ఎటు పోయాయో రైతుకు తెలిసే అవకాశమే లేదు.

పని ఎలా చేశారో కూడా దగ్గరుండి చూశాను. మోటారు ఒళ్లు విప్పి స్టేటరును, అంటే తీగ చుట్టి ఉండే కదలని ఇనుప భాగాన్ని, బల్ల మీద నిలబెట్టగానే కాలిన ప్లాస్టిక్ వాసన గది అంతా అలుముకుంది. మేస్త్రీ వెంటనే తీగ కోయడం మొదలుపెట్టలేదు. టార్చి వేసి కాయిల్స్ చివరలను చుట్టూ తిప్పి చూపించారు. మోటారుకు కరెంటు మూడు ఫేజుల్లో, అంటే మూడు లైన్లలో వస్తుంది. వాటిలో రెండు ఫేజుల కాయిల్స్ నల్లగా మాడిపోయి ఉన్నాయి. మూడో ఫేజువి మాత్రం నిన్న చుట్టినంత శుభ్రంగా ఉన్నాయి. "ఇది మోటరు తప్పు కాదన్నా, ఒక ఫేజు పోయినా స్టార్టర్ పడిపోలే. రెండు ఫేజుల మీదనే గుంజి గుంజి కాలింది. ప్రివెంటర్ చూపించుకోకుంటే రేపు నేను చుట్టింది కూడా గిట్లనే కాలుతది," అన్నారు. ఒక ఫేజు పోగానే మోటారును ఆపేయాల్సిన సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ స్టార్టర్ డబ్బాలో పనిచేయడం లేదని తర్వాత తేలింది. కారణం చెప్పకుండా చుట్టి పంపితే మళ్లీ అదే మోటారు ఆయన దగ్గరికే వచ్చేది, మళ్లీ కూలీ వచ్చేది. ఆ దారి ఆయన పట్టలేదు.

ఆరు అంగుళాల బోర్లలో దించే ఈ రకం మోటార్లు లోపల నీళ్లతో నిండి ఉంటాయి కాబట్టి ఫ్యాన్లకూ మిక్సీలకూ వాడే వార్నిషు పూత తీగ వీటికి పనికిరాదు. రాగి మీద ప్లాస్టిక్ పొరలు చుట్టిన ప్రత్యేకమైన వైరు కావాలి. స్టేటరు గాళ్లు కూడా చుట్టూ మూసుకుని ఉండడం వల్ల, ముందే చుట్టిపెట్టిన కాయిల్‌ను లోపలికి దించేయడం కుదరదు. ఒక్కొక్క చుట్టూ గాడిలోంచి దూర్చి, అవతల మనిషి లాగి, మళ్లీ ఇవతలికి ఇవ్వాలి. మేస్త్రీ ఒక వైపు, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు మరో వైపు కూర్చుని ఆ పని చేస్తుంటే, తీగ ఎక్కడా మెలిపడకుండా, గాడి అంచుకు గీరుకోకుండా వేళ్లతో కాపాడుకుంటూ ఉండటం చూశాను. ప్లాస్టిక్ పొర మీద ఒక్క గీత పడినా చాలు, బోరులోకి దించాక నీళ్లు ఆ గీత దగ్గరే రాగిని పట్టుకుంటాయి. చుట్లు పూర్తయ్యాక స్టేటరును నీళ్ల తొట్టిలో ముంచి ఉంచి, మెగ్గరు అనే మీటరు పెట్టి, కరెంటు బయటికి కారకుండా పొర ఆపుతోందో లేదో (ఇన్సులేషన్) చూసి, ఆ అంకెను కూడా కాగితం మీద వేశారు.

తూకం దగ్గర జరిగింది నాకు బాగా నచ్చింది. పని మొదలుపెట్టే ముందు కొత్త వైరు చుట్టి ఉన్న బాబిన్‌ను త్రాసు మీద పెట్టి బరువు రాశారు. చుట్టడం అయ్యాక మిగిలిన బాబిన్‌ను మళ్లీ తూచారు. ఆ రెండింటి తేడాయే నాకు వేసిన 4.2 కిలోలు. పాత తీగను కూడా నా ముందే తూచి, పొర తీసేశాక మళ్లీ తూచారు. ఇక్కడ కొనేవారు గమనించాల్సిన విషయం ఒకటుంది. కొత్త వైరు కొనేటప్పుడు ప్లాస్టిక్ పొర బరువుకు కూడా మనం వైరు ధరే కడతాం. అమ్మేటప్పుడు మాత్రం ఒట్టి రాగి బరువుకే లెక్క కడతారు. దీనిలో మోసం లేదు, ఆ వ్యాపారమే అలా నడుస్తుంది. కానీ రాగి కిలో నాలుగు వందలు ఉన్న రోజుల్లో ఆ తేడాను పట్టించుకోనవసరం లేకపోయింది. ఇప్పుడు అది కొన్ని వందల రూపాయల మాట.

ఆ ధర ఎందుకు ఇలా పెరిగిందో షాపు బల్ల దగ్గర నిలబడిన రైతులకు చెప్పేవారు లేరు. మేస్త్రీయే రేటు పెంచేశాడని వాళ్లు అనుకుంటారు. అందుకే ఈ మాట కొంత వివరంగా రాయాలి. 2020 మార్చిలో, లోహాల అంతర్జాతీయ ధర తేలే లండన్ మెటల్ ఎక్స్ఛేంజీలో టన్ను రాగి 5,000 డాలర్ల కన్నా తక్కువ. మన దేశంలో సరుకుల ధరలు తేలే ఎంసీఎక్స్‌లో కిలో 400 రూపాయల లోపే ఉండేది. 2024 మేలో అది లండన్‌లో 11,000 డాలర్లు దాటి అప్పటికి రికార్డు సృష్టించింది. 2025 అక్టోబరు చివర ఆ రికార్డు కూడా పోయింది, మన దగ్గర కిలో వెయ్యి రూపాయలు దాటింది. ఆ డిసెంబరులో టన్ను 12,000 డాలర్లు, 2026 జనవరిలో 13,000 డాలర్లు కూడా దాటింది. ఇవి శుద్ధి చేసిన రాగి ధరలు. దాన్ని తీగగా లాగి, పొర చుట్టి, 18 శాతం జీఎస్టీ కట్టి జనగామ చేర్చేసరికి అయ్యే ధర అంతకన్నా ఎక్కువే.

గిరాకీ పెరగడానికి కారణాలు మన ఊళ్లకు దూరంగా ఉన్నాయి. ప్రపంచంలో శుద్ధి చేసిన రాగిలో సగానికి పైగా చైనా ఒక్కటే వాడుకుంటోంది. పెట్రోలు కారుకు సుమారు 20 కిలోల పైచిలుకు రాగి పడితే, కరెంటు కారుకు దానికి మూడు నాలుగు రెట్లు పడుతుంది. సోలారు, గాలిమర విద్యుత్ కేంద్రాలకు, వాటి నుంచి కరెంటు మోసుకొచ్చే కొత్త లైన్లకు, కంప్యూటర్ సర్వర్లతో నిండిన డేటా సెంటర్లకు రాగి కావాలి. గనులు అంత వేగంగా పెరగవు. కొత్త గనిని కనిపెట్టి ఖనిజం పైకి తీయడానికి పదేళ్లకు పైగా పడుతుంది. పాత గనుల్లో తవ్వేకొద్దీ ఖనిజంలో రాగి పాలు తగ్గుతోంది. దీనికి తోడు 2025లో వరసగా ప్రమాదాలు జరిగాయి. మేలో కాంగోలోని కమోవా-కకులా గనిలో భూకంపనాలు వచ్చి నీళ్లు చేరాయి. జులై 31న చిలీలోని ఎల్ తెనియెంతే గనిలో సొరంగం కూలి ఆరుగురు చనిపోయారు. సెప్టెంబరు 8న ఇండోనేషియాలోని గ్రాస్‌బర్గ్ గనిలోకి బురద ఉప్పెనలా వచ్చి ఏడుగురిని పొట్టన పెట్టుకుంది. గ్రాస్‌బర్గ్ ప్రపంచంలోనే అతి పెద్ద రాగి గనుల్లో ఒకటి. అక్కడ పని ఆగిపోయిన వార్త వెలువడగానే ధర ఎగబాకింది. అదే ఏడాది అమెరికా రాగి మీద సుంకాలు వేస్తానని ప్రకటించడంతో వ్యాపారులు సరుకును ముందే ఆ దేశపు గోదాములకు తరలించారు. మిగతా చోట్ల నిల్వలు పలచబడ్డాయి.

మన దేశం సొంతంగా తట్టుకునే స్థితిలో లేదు. తూత్తుకుడిలో ఏడాదికి నాలుగు లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న స్టెరిలైట్ కర్మాగారం 2018 మేలో మూతపడింది. కాలుష్యానికి వ్యతిరేకంగా జనం చేసిన ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరపగా 13 మంది చనిపోయారు. ఆ తర్వాత తమిళనాడు ప్రభుత్వం దాన్ని మూసేయించింది. అక్కడి ప్రజల ప్రాణాల కన్నా రాగి ముఖ్యమని నేను అనను. కానీ అప్పటి వరకు శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసిన దేశం ఆ తర్వాత దిగుమతి చేసుకునే దేశంగా మారిందన్నది వాస్తవం. 2024లో గుజరాత్‌లోని ముంద్రాలో ఐదు లక్షల టన్నుల సామర్థ్యంతో కొత్త కర్మాగారం మొదలైంది. అయితే దానికి కావలసిన ఖనిజం కూడా ఓడల్లో రావలసిందే. ఖనిజం కోసం ప్రపంచమంతటా కర్మాగారాలు ఎంతగా పోటీ పడుతున్నాయంటే, శుద్ధి చేసినందుకు గనుల నుంచి వాటికి రావలసిన రుసుము 2025లో స్పాట్ మార్కెట్‌లో, అంటే అప్పటికప్పుడు జరిగే బేరాల్లో, సున్నాకు దిగి, ఇంకా కిందికి పోయింది.

ఈ పెరుగుదలలో మేస్త్రీకి దక్కిందేమిటి? ఆయన తన పాత నోట్‌బుక్కులు పారేయరు. 2018 నాటి నోట్‌బుక్కు తీసి చూపించారు. ఐదు హార్స్‌పవర్ మోటారుకు అప్పుడు వైరు కిలో 560, కూలీ 1,500. ఈ ఏడేళ్లలో వైరు ధర రెండింతలు దాటితే కూలీ 300 రూపాయలు పెరిగింది. పిల్లల చదువులు, షాపు అద్దె, కుర్రవాడి జీతం ఈ ఏడేళ్లలో ఎంత పెరిగాయో ప్రతి ఇంటికీ తెలుసు. రైతు ఇచ్చే మొత్తం పెరిగింది కాబట్టి మేస్త్రీ బాగుపడ్డాడని ఊళ్లో అనుకుంటారు. బిల్లు విడదీసి రాయకపోతే ఆ అపోహ పోదు. విడదీసి రాయడం వల్ల రైతుకు ఎంత మేలో మేస్త్రీ పరువుకూ అంతే మేలు.

కూలీ పెంచలేకపోవడానికి కారణం అడిగితే ఆయన సూటిగా చెప్పారు. "రేటు నా చేతుల లేదన్నా. పొద్దున లేసి ఫోన్ల కాపర్ రేటు చూసుకున్నంకనే చెప్తున్న. వైరుకే గింత అయితుంటె కూలీ ఇంకో రెండు వందలు అడగనీకి నోరు రాదు." మెటల్ ధర పెరిగినప్పుడు చిన్న వ్యాపారి మొదట కోసుకునేది తన కష్టం విలువనే అని ఈ మాటతో అర్థమవుతుంది. లెక్కల్లో ఎక్కడా కనపడని నష్టం ఇది.

పెట్టుబడి ఇబ్బంది ఇంకా బరువైనది. ఒకప్పుడు ఆయన రకరకాల గేజుల, అంటే రకరకాల మందాల, వైరు కలిపి 50 కిలోల దాకా షాపులో ఉంచేవారట. కిలో 560 ఉన్నప్పుడు దానికి 28,000 రూపాయలు సరిపోయాయి. 2025 నవంబరు ధరకు అదే సరుకుకు 62,500 కావలసి వచ్చింది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని టోకు వ్యాపారి అప్పట్లో నెల రోజుల అప్పు ఇచ్చేవాడు. ధర ఇలా ఊగుతున్నప్పుడు అప్పు ఇస్తే తనకే నష్టమని ఇప్పుడు ఏ రోజు డబ్బు ఆ రోజే తీసుకుంటున్నాడు. అందువల్ల మేస్త్రీ రెండు మూడు మోటార్లకు సరిపడా వైరు మాత్రమే తెప్పించుకుంటున్నారు. బస్సు పార్సిల్‌లో వస్తుంది. మా మోటారుకు కావలసిన గేజు అప్పుడు షాపులో లేక పని మర్నాటికి వాయిదా పడింది. నవంబరులో కోతలు నడుస్తున్నాయి కనుక నాకు నష్టం లేదు. యాసంగి వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఇలా జరిగితే ఒక్క రోజు ఆలస్యం కూడా పంటకు చేటు. ఈ షాపుకు వెళ్లేవారు ముందే ఫోన్ చేసి తమ మోటారుకు పట్టే వైరు ఉందో లేదో కనుక్కుని వెళ్లడం మంచిది.

ఇక కొనేవారు భయపడవలసిన విషయానికి వస్తాను. ధర పెరిగినప్పుడు గంపగుత్త బేరం చెప్పిన షాపుకు తీగ తగ్గించాలన్న ఆశ పుడుతుంది. ఒక్క గేజు సన్నని తీగ వేస్తే రాగి సుమారు పావు వంతు మిగులుతుంది. మా మోటారు లెక్కన చూస్తే అది సుమారు ఒక కిలో, అంటే దాదాపు పన్నెండు వందల రూపాయలు. మోటారు తిరుగుతుంది, నీళ్లు పోస్తుంది, రైతుకు తేడా తెలియదు. కానీ తీగ సన్నబడిన మేరకు నిరోధం సుమారు మూడో వంతు పెరిగి, అదే కరెంటుకు ఎక్కువ వేడెక్కుతుంది. వోల్టేజి పడిపోయిన రోజున ఆ మోటారే ముందు కాలుతుంది. అప్పుడు మళ్లీ వైండింగ్ ఖర్చు, బోరు లాగించే కూలీ, నీళ్లు లేక పంటకు నష్టం అన్నీ రైతు మీదే పడతాయి. దీన్ని పట్టుకోవడానికి రైతుకు ఉన్న తేలిక దారి తూకం. పొరతో సహా పాత తీగ ఎంత తూగిందో, కొత్త తీగ ఎంత పట్టిందో పక్కపక్కన రాస్తే ఎవరూ దాచలేరు. మోటారు ఇంతకు ముందే ఒకసారి సన్న తీగతో చుట్టించుకుని ఉంటే తప్ప ఆ రెండింటికీ పెద్ద తేడా రాకూడదు.

రెండో భయం అల్యూమినియం. రాగితో పోలిస్తే అల్యూమినియంలో కరెంటు పారే శక్తి సుమారు 60 శాతమే. అంతే కరెంటు పారాలంటే అంతకు తగ్గట్టు లావు తీగ కావాలి, కానీ రాగి కోసం కోసిన గాడిలో అంత చోటు ఉండదు. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగ మరీ ప్రమాదం. చూడటానికి అచ్చం రాగిలాగే మెరుస్తుంది. మేస్త్రీ ఒక ముక్క కోసి, కోసిన మొనను బ్లేడుతో గీకి చూపించారు. అసలు రాగి అయితే లోపల కూడా ఎర్రగానే ఉంటుంది. పూత తీగ అయితే వెండిలా తెల్లబడుతుంది. బరువు కూడా చెబుతుంది, ఎందుకంటే అల్యూమినియం రాగిలో మూడో వంతు బరువే ఉంటుంది. ఈ పరీక్షకు రైతు చదువుకుని ఉండనవసరం లేదు, దగ్గరుండి ఒక్క ముక్క అడిగితే చాలు.

పట్టణంలోని మరో షాపులో కిందటేడు మా బంధువు ఒకరు మూడు హార్స్‌పవర్ మోటారు చుట్టించారు. మొత్తం ఒకే అంకె చెప్పారు. పాత తీగ ఏదని అడిగితే "అది కాలిపోయింది, దానికి విలువేముంది" అన్నారట. రాగి కాలిపోదు. దాని మీది పొర మాత్రమే కాలుతుంది. కిలో దాదాపు ఎనిమిది వందలు పలికే లోహాన్ని విలువ లేనిదని చెప్పి ఉంచేసుకునే అలవాటు జనానికి తెలియకపోవడం మీదే బతుకుతోంది. పాత తీగ ఇంటికి తీసుకెళ్తానని ముందే చెప్పడం ప్రతి రైతుకూ ఉన్న హక్కు. ఈ షాపులో అయితే అడగకుండానే లెక్కలో తగ్గించారు.

ఇదే రాగి ధర ఊళ్లలో మరో కీడు తెచ్చింది. బావుల దగ్గర స్టార్టరు నుంచి బోరు దాకా వేసిన కేబుళ్లను రాత్రిపూట కోసుకుపోతున్నారు. ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి, ఆయిలు పారబోసి, లోపలి రాగి కాయిల్స్ ఎత్తుకుపోవడం తెలంగాణ రైతులకు కొత్త కాదు గానీ, ధర పెరిగేకొద్దీ అది ఎక్కువవుతోందన్న భయం అందరిలో ఉంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ పోతే దాని కింద ఉన్న పొలాలన్నీ కొత్తది వచ్చే దాకా నీళ్లు లేకుండా ఆగిపోవాలి. ఈ షాపులో ముఖం తెలియని వాళ్లు తెచ్చిన రాగిని కొనరు. తెలిసినవారు తెచ్చినా పేరు, ఊరు, ఫోన్ నంబరు నోట్‌బుక్కులో రాసుకుంటారు. నేను అక్కడ ఉండగానే సంచిలో కత్తిరించిన కేబుల్ ముక్కలు తెచ్చిన ఒకతన్ని ఎక్కువ మాటలు లేకుండా తిప్పి పంపేశారు. ఆ రోజు ఆయనకు వచ్చే లాభం పోయింది. దాని వల్ల ఏదో ఒక ఊళ్లో రైతు కేబుల్ మిగులుతుందని నేను నమ్ముతున్నాను.

జనగామకు దగ్గరలోనే, వరంగల్ హైవే పక్కన పెంబర్తి ఉంది. అక్కడి ఇత్తడి నగిషీ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇత్తడిలో ఎక్కువ పాలు రాగే, మిగతాది జింకు. కాబట్టి ఈ సెగ అక్కడా తగులుతుంది. గుడి తలుపుకో ధ్వజస్తంభానికో తొడుగు ఒప్పుకున్న పనివాడు రేకు ధర నెలల ముందే చెప్పాలి, పని పూర్తయ్యేసరికి రేకు ధర మారిపోతే ఆ తేడా అతని కూలీలోంచే పోతుంది. ఇల్లు కట్టుకునేవారికి కూడా లెక్క తెలిస్తే మేలు. 90 మీటర్ల 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చుట్టలో సుమారు 1.2 కిలోల రాగి ఉంటుంది. రాగి కిలోకు వంద రూపాయలు పెరిగితే చుట్టకు 120 రూపాయలు, దాని మీద జీఎస్టీ పెరగడం న్యాయం. అంతకు మించి పెంచితే అది రాగి పేరు చెప్పి వేరే ఎవరో వేసుకుంటున్న లాభం.

షాపులో లోపాలు లేవని చెప్పను. పాత తీగ మీది ప్లాస్టిక్ పొరను షాపు వెనక ఖాళీ స్థలంలో మంట పెట్టి కాల్చేస్తున్నారు. నల్లటి పొగ పక్క ఇళ్ల మీదికి పోతోంది. ఆ పొగ పీల్చేది ముందుగా ఆ పని చేసే కుర్రవాడే. పొర వొలిచే చిన్న యంత్రం పెట్టుకుంటే పొగ ఉండదు, రాగి మాడక శుభ్రంగా ఉంటుంది కాబట్టి అమ్మకంలోనూ కొంచెం మెరుగైన ధర వస్తుంది. ఈ మాట ఆయనతో చెప్పాను. పెట్టుబడి వైరుకే చాలడం లేదని అన్నారు. ఆ ఇబ్బంది నిజమే అయినా కుర్రవాడి ఊపిరితిత్తుల విషయంలో ఆలస్యం తగదని నా అభిప్రాయం.

పనికి హామీ నోటి మాటగానే ఉంది. ఒక పంట కాలం చూస్తానంటారు, కాగితం మీద రాయరు. తూకం అంత ఖచ్చితంగా రాసే మనిషి హామీని కూడా అదే కాగితం మీద ఒక వాక్యంలో రాసి ఇవ్వాలి. సింగిల్ ఫేజింగ్‌తో గానీ, బోరులో నీళ్లు అయిపోయాక ఒట్టిగా తిరగడంతో గానీ కాలితే తన బాధ్యత లేదన్న షరతు పెట్టుకోవచ్చు. అది న్యాయమే. ఇంకో లోటు, పంపు భాగాన్ని ఇక్కడ సరిగా చూడరు. నీళ్లను పైకి నెట్టే చక్రాలు (ఇంపెల్లర్లు) అరిగిపోయాయని నాకు బోరులో దించాక గానీ తెలియలేదు. వైండింగ్ ఇక్కడ చేయించినా పంపును మాత్రం వేరే చోట చూపించుకోవడం మేలు.

రీవైండింగ్ కన్నా కొత్త మోటారే నయం కదా అని కొందరు అడుగుతున్నారు. కొత్త మోటార్ల ధరలు కూడా అదే రాగితో పెరిగాయి. స్టేటరు ఇనుము బాగుండి, లోపల తిరిగే రోటరు చెడకుండా ఉంటే మంచి తీగతో చుట్టించిన మోటారు ఏళ్ల తరబడి పనిచేస్తుంది, ఖర్చు కొత్తదానిలో చిన్న భాగమే. స్టేటరు గాళ్లు తుప్పు తినేసినప్పుడు గానీ, ఒకటికి రెండుసార్లు చుట్టించినా వరసగా కాలుతున్నప్పుడు గానీ కొత్తదాని వైపు చూడాలి. ఆ సంగతి మేస్త్రీయే చెబుతారు. నా ముందే ఒక పెద్దాయనతో "కాకా, దీనికి ఐదు వేలు పెట్టకు, స్టాంపింగు పోయింది" అని చెప్పి పంపించారు. స్టాంపింగు అంటే స్టేటరులోని ఇనుప రేకులు.

షాపు ఉదయం తొమ్మిదింటికి తెరుస్తారు. వ్యవసాయం ముమ్మరంగా ఉన్న నెలల్లో ఆదివారం కూడా ఉంటారు. ఫోన్ పేతో డబ్బు తీసుకుంటారు. మోటారుతో పాటు స్టార్టరు డబ్బా కూడా తీసుకెళ్తే ప్రివెంటరును డబ్బులు తీసుకోకుండా పరీక్షించి ఇస్తారు. తూకం దగ్గర ఇంటి మనిషి ఒకరు ఉండేలా చూసుకోండి, పాత తీగను ఎవరు ఉంచుకుంటారన్నది మోటారు విప్పక ముందే మాట్లాడుకోండి, ఆ రోజు వైరు కిలో ధర ఎంతో నోట్‌బుక్కులో రాయించుకున్నాకే పని మొదలుపెట్టనివ్వండి.